తువ్వాలుంది... మనిషి లేడు!

కరెంటు పోయి వస్తుంది. కంప్యూటర్ మళ్లీ తెరుచుకుంటుంది. నిన్న సగంలో ఆగిన ఫైలు మీద మౌస్ నొక్కగానే తెరమీద అడ్డంగా ఓ హెచ్చరిక! అరకు నుంచి చింతపల్లి దాకా కొండల్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి ఈ పలకరింపు కొత్తేమీ కాదు. ఇలాంటి హెచ్చరికల్లో చాలావాటికి కోరలుండవు. వాటికి బెదిరి మనం చేసే పనులే అసలు నష్టం తెచ్చిపెడతాయి.

జనవరి నెల. కాఫీ పండ్ల కోత ముగింపుకొస్తున్న రోజులు. పాడేరు ఏజెన్సీలో ఏదో ఒక ఊళ్లో రైతుల సంఘం ఆఫీసు ఉందనుకుందాం. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. ఏ రైతు ఎన్ని కిలోల పండ్లు తెచ్చాడు, ధర ఎంత, అడ్వాన్సు ఎంత తీసుకున్నాడు, డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో వేయాలి... అన్నీ ఒకే ఎక్సెల్ ఫైల్లో ఉన్నాయి. మొదటి కంప్యూటర్ దగ్గర కూర్చునే కుర్రాడు సాయంత్రం లెక్కలు ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. రాత్రంతా రాలేదు. తెల్లారి అతను తూకాల కోసం పక్క ఊరికి వెళ్లిపోయాడు. రెండో కంప్యూటర్ దగ్గరున్న అమ్మాయి ఆ ఫైలు తెరవబోయింది. తెరమీద ఇంగ్లిష్‌లో ఒక పెట్టె ప్రత్యక్షమైంది. ‘ఈ ఫైలుకు తాళం పడింది. ఫలానావాడు దీన్ని దిద్దుతున్నాడు’ అన్నది దాని సారాంశం.

ఆ ఫలానావాడు చూస్తే పది కిలోమీటర్ల అవతల కొండవాలులో ఉన్నాడు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. రైతులకు డబ్బు పంపాల్సింది ఈరోజే. ఇప్పుడేం చేయాలి?

ఇక్కడ ఆ అమ్మాయి ముందు మూడు దారులున్నాయి. ఒకటి, భయపడి ఫైలును వదిలేసి రెండు రోజులు ఆగడం. రెండు, కంగారులో కనిపించినదల్లా తుడిచేయడం, లేదంటే మెకానిక్‌ని పిలిచి ‘ఫార్మాట్’ కొట్టించడం. మూడు, ఆ హెచ్చరిక ఎందుకొచ్చిందో తెలుసుకుని రెండు నిమిషాల్లో పని మొదలుపెట్టడం. మూడో దారికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. బస్సు ఎక్కిన అనుభవం ఉంటే చాలు!

సీటు మీద తువ్వాలు

పండగ రోజుల్లో బస్సు స్టాండులోకి రాగానే జనం ఏం చేస్తారు? కిటికీలోంచి చెయ్యి పెట్టి సీటు మీద తువ్వాలు వేస్తారు. ‘ఈ సీటు నాది’ అని దానర్థం. తర్వాత ఎక్కినవాళ్లు ఆ తువ్వాలు చూసి వేరే సీటు వెతుక్కుంటారు. వేసినవాడు దిగేటప్పుడు తన తువ్వాలు తాను తీసుకుని పోతాడు.

కంప్యూటర్ ప్రోగ్రాములదీ ఇదే పద్ధతి. వర్డ్‌లోనో ఎక్సెల్‌లోనో ఒక ఫైలు తెరవగానే ఆ ప్రోగ్రామ్ అదే ఫోల్డర్లో చడీచప్పుడూ లేకుండా మరో బుల్లి ఫైలును సృష్టిస్తుంది. దాని పేరు ముందు ~$ అనే గుర్తులుంటాయి. మామూలుగా అది కంటికి కనిపించదు. వర్డ్ తయారుచేసేదైతే 162 బైట్లే. అంటే ఒక చిన్న పేరాకు సరిపోయే జాగా కూడా కాదు. అందులో ముఖ్యంగా ఉండేది ఒక్కటే... ఫైలు తెరిచిన మనిషి పేరు. ఇంకెవరైనా అదే ఫైలు తెరవబోతే ప్రోగ్రామ్ ముందు ఆ తువ్వాలును చూస్తుంది. ‘ఆగండి, ఇక్కడ ఒకరు కూర్చున్నారు’ అని హెచ్చరిస్తుంది. ఇద్దరూ ఒకేసారి దిద్దితే ఒకరి మార్పులను ఇంకొకరివి చెరిపేస్తాయి కాబట్టి ఈ ఏర్పాటు.

డబ్బు కట్టక్కర్లేకుండా దొరికే లిబ్రే ఆఫీస్‌దీ ఇదే దారి. అది పెట్టే తాళం ఫైల్లో మనిషి పేరుతో పాటు కంప్యూటర్ పేరు, ఫైలు తెరిచిన తేదీ, సమయం కూడా ఉంటాయి. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు.

ఫైలును పద్ధతిగా మూసేస్తే ప్రోగ్రామే తన తువ్వాలు తీసేసుకుంటుంది. కానీ బస్సులోంచి మనిషిని ఒక్కసారిగా కిందికి లాగేస్తే? తువ్వాలు తీసుకునే వ్యవధి ఎక్కడుంటుంది! కరెంటు పోయినప్పుడు జరిగేది అదే. ప్రోగ్రామ్ ఆ క్షణంలో మాయమవుతుంది, తువ్వాలు మాత్రం సీటు మీదే ఉండిపోతుంది. మళ్లీ అదే మనిషి అదే కంప్యూటర్లో తెరిస్తే చాలాసార్లు ప్రోగ్రామ్ తన పాత గుర్తును పోల్చుకుని సర్దుకుంటుంది. పక్క కంప్యూటర్ నుంచి తెరిచినా, వేరే పేరుతో లాగిన్ అయినా, ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఊళ్లు తిరుగుతున్నా... లేని మనిషి ఉన్నట్టే లెక్క. అందుకే ఆ హెచ్చరిక. ఫైలు చెడిపోయిందని కాదు, వైరస్ పట్టిందనీ కాదు.

కరెంటు పుట్టేది ఇక్కడే!

కొండల్లో ఈ తువ్వాళ్లు ఎక్కువగా మిగిలిపోవడానికి కారణం వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. విచిత్రమేమిటంటే తూర్పు కనుమలు కరెంటుకు పుట్టిల్లు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లోనే మొదలైంది. ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాలూ ఈ కొండల నీటితోనే తిరుగుతాయి. దిగువ సీలేరునైతే ఒక్కొక్కటి 115 మెగావాట్ల యూనిట్లు నాలుగింటితో కట్టారు. ఇక్కడ పుట్టిన కరెంటు పెద్ద తీగల మీద మైదానానికి వెళ్తుంది. కొండ ఊళ్లకు మాత్రం అడవి మధ్య నుంచి, ఘాట్ల వెంట సన్న తీగల మీద రావాలి. వేసవి చివర ఈదురుగాలికి ఒక కొమ్మ విరిగినా, వానాకాలంలో ఒక చెట్టు ఒరిగినా అంతే సంగతులు. తెగిన చోటు ఎక్కడుందో వెతుక్కుంటూ లైన్‌మన్ లోయల వెంట నడవాల్సిందే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. నగరానికే రోజుల తరబడి కరెంటు లేదు. ఏజెన్సీలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు పెద్దసంఖ్యలో కూలిపోయాయి. చెట్లే నిలవని చోట స్తంభాల సంగతి చెప్పాలా? అంత పెద్ద గాలివాన ఏ పదేళ్లకో వస్తుంది. చిన్న అంతరాయాలు మాత్రం వారానికి పలుమార్లు వచ్చినా ఎవరూ ఆశ్చర్యపోరు. యూపీఎస్ ఉన్నా, బ్యాటరీ పాతబడితే అది కూత పెట్టి ఊరుకుంటుంది తప్ప ఫైలు మూసుకునేంత సమయమైనా ఇవ్వదు.

ఇంకోవైపు కంప్యూటర్లు కొండెక్కుతూనే ఉన్నాయి. 2011లో మీసేవ కేంద్రాలు వచ్చాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక మారుమూల పంచాయతీల్లోనూ కంప్యూటర్ ముందు కుర్చీ పడింది. 2019లోనే అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఏ తోట నుంచి ఏ పంట వచ్చిందో రాసిపెట్టుకోవాల్సిన అవసరం ఇంకా పెరిగింది. పాడేరులోని ఐటీడీఏకు పంపాల్సిన జాబితాలు, అటవీ హక్కుల పట్టాల వివరాలు, హాస్టల్ పిల్లల హాజరు, ఉపాధి హామీ మస్టర్లు... ఒకప్పుడు రిజిస్టర్లలో ఉన్నవన్నీ ఇప్పుడు ఫైళ్లలో ఉన్నాయి. ఆ ఫైళ్లలోని ఒక్కో వరుస వెనక ఒక్కో కుటుంబం ఉంది. వరుస చెరిగిపోతే ఒక ఇంటికి రావాల్సిన డబ్బు ఆగిపోతుంది. అందుకే తెరమీది ఒక చిన్న పెట్టెను సరిగ్గా చదవడం ఇక్కడ చిన్న సంగతి కాదు.

మూడు భాషలు దాటితేనే...

పైగా ఆ పెట్టెలో ఉండేది ఇంగ్లిష్. చదివేవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది కువి, కొండ, ఆదివాసీ ఒడియా లాంటి భాషలు. బడిలో నేర్చుకున్నది తెలుగు. ఆఫీసులో ఎదురయ్యేది ఇంగ్లిష్. ‘లాక్’ అన్న మాట కనిపించగానే ఎవరో కావాలని తాళం వేశారనుకుంటారు. ‘ఎర్రర్’ అని ఉంటే తామే తప్పు చేశామనుకుంటారు. హెచ్చరిక కంటే ఆ ‘నా వల్లే పాడైందేమో’ అన్న భయమే ఎక్కువ పని చెడగొడుతుంది. పైవాళ్లకు చెప్పరు, అడగరు. ఎవరూ చూడకుండా ఏదో ఒకటి నొక్కేస్తారు.

ముందు ఈ భయం పోవాలి. కరెంటు పోవడం కంప్యూటర్ ముందున్న మనిషి తప్పు కాదు. తువ్వాలు మిగిలిపోవడమూ తప్పు కాదు. చేయాల్సిందల్లా వరుసగా అయిదు పనులు.

ఒకటి, పెట్టెలో ఉన్న పేరు చదవాలి. తేదీ, సమయం ఉంటే అవీ చూడాలి. పేరు పక్క టేబుల్ మనిషిది, సమయం ఇవాళ్టిది అయితే నిజంగానే సీటులో మనిషి ఉన్నట్టు! అప్పుడు ఆగాల్సిందే. నిన్న కరెంటు పోయిన వేళ కనిపిస్తే అది ఖాళీ తువ్వాలే కావచ్చు.

రెండు, ఆ మనిషి కంప్యూటర్ దగ్గరికి వెళ్లి చూడాలి. ఫైలు తెరిచి ఉంటే సేవ్ చేసి మూయాలి. ఆ కంప్యూటర్ అసలు ఆన్ అయి లేదంటే అందులో ఎవరూ దిద్దడం లేదని తేలిపోయినట్టే.

మూడు, తన కంప్యూటర్లోని వర్డ్, ఎక్సెల్ అన్నీ మూసి ఒకసారి రీస్టార్ట్ చేయాలి. కొన్నిసార్లు ప్రోగ్రామ్ కిటికీ మూసుకున్నా లోపల అది నడుస్తూనే ఉంటుంది. రీస్టార్ట్‌తో ఆ తెరచాటు మనిషి కూడా దిగిపోతాడు.

నాలుగు, అసలు ఫైలును మరో ఫోల్డర్లోకి కాపీ చేసి పేరు చివర ఆ రోజు తేదీ పెట్టాలి. కాపీ తెరిచి లెక్కలన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఈ ఒక్క పని చేస్తే తర్వాత ఏ పొరపాటు జరిగినా దిద్దుకోవచ్చు. దీన్ని మాత్రం ఎంత తొందరలోనూ వదలకూడదు.

అయిదు, ఇంకా హెచ్చరిక వస్తూనే ఉంటే ఫోల్డర్లో దాచి ఉంచిన ఫైళ్లు కనిపించేలా చేసుకోవాలి. విండోస్‌లో పైనున్న ‘వ్యూ’ మెనూలో ‘హిడెన్ ఐటమ్స్’ అన్నచోట టిక్కు పెడితే సాధారణంగా చాలు. అసలు ఫైలు పేరునే పోలి, ముందు ~$ ఉన్న ఫైలును వెంటనే తుడిచేయకుండా పక్క ఫోల్డర్లోకి జరపాలి. ఆ తర్వాత అసలు ఫైలు తెరిస్తే మామూలుగా తెరుచుకుంటుంది.

ఇక్కడో జాగ్రత్త. తువ్వాలు ఫైలుకూ అసలు ఫైలుకూ పేర్లు దగ్గరగా ఉంటాయి. తొందరలో ఒకదానికి బదులు ఇంకోటి తుడిచేసే ప్రమాదముంది. పైఆఫీసుకు మెయిల్‌లో పంపేటప్పుడు అసలుకు బదులు తువ్వాలు వెళ్లిపోవచ్చు కూడా! సైజు చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. తువ్వాలు ఒక్క కేబీకి మించదు. రైతుల జాబితా అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

ఖాళీ తువ్వాలు, నిండు సంచీ

అలాగని కరెంటు పోయాక మిగిలిన ఫైళ్లన్నీ చెత్తేననుకుంటే మరో నష్టం. మిగిలేవి రెండు రకాలు. తాళం ఫైలు ఖాళీ తువ్వాలైతే, ‘రికవరీ’ ఫైలు నిండు సంచీ. వర్డ్, ఎక్సెల్, లిబ్రే ఆఫీస్ లాంటివి మనం చేస్తున్న పనిని మధ్యమధ్యలో విడిగా దాచిపెడతాయి. మనం మార్చుకోకపోతే సాధారణంగా 10 నిమిషాలకోసారి. కరెంటు వచ్చాక ప్రోగ్రామ్ తెరవగానే ఓ పక్కన ‘రికవరీ’ అంటూ జాబితా కనిపిస్తే కంగారుపడి మూసేయకూడదు. మనం సేవ్ చేయడం మరిచిన చివరి ఇరవై పేర్లు అందులోనే ఉండొచ్చు. దాన్ని తెరిచి, కొత్త పేరుతో సేవ్ చేసుకుని, పాతదానితో పోల్చుకుని, అప్పుడు ఏది ఉంచాలో తేల్చుకోవాలి.

కొండ ఊళ్లలో ఆ 10 నిమిషాలు చాలా ఎక్కువ. ‘ఆప్షన్స్’లోకి వెళ్లి దాన్ని 2 నిమిషాలకు తగ్గించుకోవచ్చు. ఖర్చు లేని యూపీఎస్ అంటే ఇదే.

‘మీ కంప్యూటర్లోని చెత్తంతా ఒక్క నొక్కుతో ఊడ్చేస్తాం’ అనే క్లీనర్ ప్రోగ్రాములతోనూ జాగ్రత్తగా ఉండాలి. కొన్ని తువ్వాళ్లతో పాటు సంచీలనూ ఊడ్చేస్తాయి.

వైరస్ పోయింది, చిరునామా మిగిలింది

ఇంకో రకం హెచ్చరిక కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ గుమ్మంలోనే ఎదురవుతుంది. ‘రన్‌డీఎల్ఎల్’ అని పైన పేరుంటుంది. ‘ఫలానా ఫైలు దొరకలేదు’ అన్నది దాని గోడు. ఓకే నొక్కితే పోతుంది. మర్నాడు మళ్లీ హాజరు!

దీని కథ చాలావరకు పెన్‌డ్రైవ్‌తో మొదలవుతుంది. నెట్ సరిగా అందని చోట ఫైళ్లు పెన్‌డ్రైవ్‌ల మీదే ప్రయాణిస్తాయి. వాటి వెంట వైరస్‌లూ టిక్కెట్టు లేకుండా ఎక్కుతాయి. 2008లో ప్రపంచాన్ని గడగడలాడించిన కాన్‌ఫికర్ కూడా పెన్‌డ్రైవ్‌లను వాడుకుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రామ్ దానంతటదే నడిచే ‘ఆటోరన్’ సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2011లో పాత విండోస్‌లలోనూ కట్టేయాల్సి వచ్చింది.

వైరస్ లోపలికి రాగానే ‘పొద్దున్నే నన్ను లేపండి’ అని విండోస్ దగ్గర చిరునామా రాసిపెడుతుంది. తర్వాత యాంటీవైరస్ వచ్చి వైరస్ ఫైలును తుడిచేస్తుంది. చిరునామా మాత్రం ఒక్కోసారి అలాగే ఉండిపోతుంది. విండోస్ రోజూ ఆ తలుపు తడుతుంది, లోపల ఎవరూ లేరని వచ్చి మనకు చెబుతుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాడి పేరు మీద పోస్ట్‌మన్ ఉత్తరాలు తెస్తూనే ఉన్నట్టు! అక్కర్లేని ప్రోగ్రామ్‌ను సగంసగం తీసేసినా ఇదే జరుగుతుంది.

దీంతో హాని లేదు. అయితే ఒక మంచి సమాచారం ఉంది... ఇక్కడ ఎప్పుడో ఒకప్పుడు వైరస్ ఉండి ఉండొచ్చు. కాబట్టి యాంటీవైరస్‌తో ఒకసారి పూర్తిగా వెతికించడం మంచిది. ఏమీ దొరక్కపోతే, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘ఆటోరన్స్’ అనే పనిముట్టులో ఆ పాత చిరునామాను వెతికి టిక్కు తీసేస్తే చాలు. టిక్కు తీయడమే, తుడిచేయడం కాదు. పొరపాటైతే మళ్లీ పెట్టుకోవచ్చు. అది కూడా కష్టమనిపిస్తే రోజూ ఒకసారి ఓకే నొక్కి ఊరుకున్నా పోయేదేమీ లేదు.

పెన్‌డ్రైవ్ పెట్టగానే ‘ఇందులో ఏదో సమస్య ఉంది, పరీక్షించి సరిచేయండి’ అనే మాటా అలాంటిదే. పోయినసారి రాస్తుండగా లాగేశారనో, మధ్యలో కరెంటు పోయిందనో పెన్‌డ్రైవ్‌లో ఒక చిన్న గుర్తు మిగిలి ఉంటుంది. అది చూసి విండోస్ అడుగుతుంది. ఫైళ్లు మామూలుగా తెరుచుకుంటుంటే ముందు వాటిని కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే పరీక్షకు ఒప్పుకోవాలి. ముందు కాపీ, తర్వాతే వైద్యం!

నాన్నా... పులి!

రోజూ కోరల్లేని హెచ్చరికలు చూసి చూసి మనిషికి ఒక అలవాటు పట్టుకుంటుంది. ఏ పెట్టె వచ్చినా చదవకుండా ఓకే నొక్కడం. ‘నాన్నా పులి’ కథ తెలియని తెలుగువాళ్లుండరు. ఊరికే పిలిచిన కేకలకు అలవాటుపడిన తండ్రి, నిజంగా పులి వచ్చిన రోజున కదల్లేదు. కంప్యూటర్ తెరమీదా అదే ప్రమాదం పొంచి ఉంటుంది.

తమాషా ఏమిటంటే, బెదిరిస్తూ మాట్లాడే పెట్టెల్లో చాలా వాటితో ముప్పులేదు. మర్యాదగా పలకరించేదే కొంప ముంచుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే ‘దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?’ అని ఒక ప్రశ్న వస్తుంది. ఎర్ర గుర్తులేవీ ఉండవు. అందులో ఫైళ్లుంటే ఆ ప్రశ్నకు ‘సరే’ అనకూడదు. డ్రైవ్‌ను చదవలేకపోతున్నానని కంప్యూటర్ చెబుతోందంతే. పదేళ్ల లెక్కలు లోపల భద్రంగానే ఉండి ఉండొచ్చు. ‘సరే’ అన్నారంటే వాటిని వెనక్కి తెచ్చుకోవడం గగనమవుతుంది.

హార్డ్‌డిస్క్ పాడయ్యే దశలో ఉందని కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడే వచ్చే హెచ్చరిక, దానికి తోడు లోపల్నుంచి టకటకమనే చప్పుడు... ఇవి నిజమైన పులులు. ఆ రోజే ముఖ్యమైనవన్నీ మరోచోటికి కాపీ చేసుకోవాలి. ఫైళ్ల పేర్లు వింతగా మారిపోయి, డబ్బు కడితేనే తెరుస్తామని బెదిరింపు కనిపిస్తే మరీ ప్రమాదం. 2017 మే నెలలో ‘వాన్నక్రై’ అలాగే ప్రపంచాన్ని చుట్టేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అలాంటిది కనిపిస్తే వెంటనే నెట్ తీగ, పెన్‌డ్రైవ్ పీకేసి తెలిసినవాళ్లకు కబురు చేయాలి. ఇంకోటి, నెట్ చూస్తుండగా ‘మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని వచ్చేది శుద్ధ మోసం. ఆ నంబరుకు ఫోన్ చేయనక్కర్లేదు, బ్రౌజర్ మూసేస్తే సరి.

తేడా కనిపెట్టడానికి మూడు ప్రశ్నలు చాలు. నిన్న కరెంటు పోవడమో, పెన్‌డ్రైవ్ లాగేయడమో, ప్రోగ్రామ్ తీసేయడమో జరిగిందా? నా ఫైళ్లు మామూలుగా తెరుచుకుంటున్నాయా? ఈ పెట్టె నన్ను దేన్నైనా తుడిచేయమనో, డబ్బు కట్టమనో అడుగుతోందా? మొదటి రెండింటికి ‘అవును’, మూడోదానికి ‘కాదు’ అని జవాబొస్తే నిశ్చింతగా పని చేసుకోవచ్చు. మూడోదానికి ‘అవును’ అయితే మౌస్ మీద నుంచి చెయ్యి తీసేయడమే మంచిది.

అన్నిటికీ ఒకటే మందా?

ఊళ్లో మెకానిక్ దొరికినా ఒక చిక్కుంది. ఏ జబ్బుకైనా ఒకే మందు రాసేవాళ్లకు కొదవ లేదు. ఆ మందు పేరే ఫార్మాట్! విండోస్ మొత్తం తుడిచి కొత్తగా ఎక్కిస్తే హెచ్చరిక పోతుంది, నిజమే. దాంతో పాటు డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైళ్లు, డాక్యుమెంట్లు, ప్రింటర్ సెట్టింగులు, తెలుగు టైపింగ్ ఏర్పాట్లు అన్నీ పోతాయి. సీటు మీద తువ్వాలుందని బస్సునే షెడ్డుకు పంపించినట్టు!

కొండ ఊళ్లకు ఈ మందు మరీ ఖరీదు. అరకు నుంచి విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల ఘాట్ ప్రయాణం. కంప్యూటర్ డబ్బాను గోనెసంచిలో చుట్టి బస్సెక్కించి, బాగుచేయించి తిరిగి తెచ్చేసరికి రెండు మూడు రోజులు పోతాయి. ఈలోగా పని ఆగుతుంది, ఆ పని మీద ఆధారపడ్డవాళ్లు ఆగుతారు. అందుకే మెకానిక్‌ని పిలిచినా ముందు అడగాల్సిన మాట ఒకటుంది. ‘ఫైళ్లు కాపీ తీశాకే ముట్టుకోండి.’ ఈ మాట అనడానికి మొహమాటపడితే కుదరదు.

తప్పు ఎవరిది?

ఇంత వివరం తెలుసుకోవాల్సిన భారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి మీదే ఎందుకు పడాలి? ఇది న్యాయమైన ప్రశ్న. నాలుగు ముక్కలు సూటిగా చెప్పే హెచ్చరిక రాయడం ప్రోగ్రామ్ తయారుచేసేవాళ్లకు అసాధ్యమేమీ కాదు.

దానికి పాత ఉదాహరణే ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో ‘విమ్’ అనే ఎడిటర్‌ను విడుదల చేశాడు. ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు దాన్ని వాడతారు. కరెంటు పోయి దాని ఫైలు మిగిలిపోతే, మళ్లీ తెరిచినప్పుడు అది ఉత్తి ‘ఎర్రర్’ అని ఊరుకోదు. ఆ ఫైలు ఎవరిది, ఏ తేదీది అన్నది చూపిస్తుంది. దానికి రెండు కారణాలుండొచ్చంటుంది. ఇంకెవరో ఇదే ఫైలును దిద్దుతూ ఉండాలి, లేదా పోయినసారి పని మధ్యలో ఆగిపోయి ఉండాలి. మొదటిదైతే జాగ్రత్తపడమంటుంది. రెండోదైతే ఎలా వెనక్కి తెచ్చుకోవాలో, ఆ తర్వాత ఏ ఫైలు తుడిచేయాలో కూడా చెబుతుంది. అదే విమ్‌ను తెరిస్తే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమనే విన్నపమూ కనిపిస్తుంది. మూలెనార్ 2023 ఆగస్టులో కన్నుమూశాడు. మనిషిని మనసులో పెట్టుకుని రాసిన హెచ్చరిక ఎలా ఉంటుందో ఆయన ప్రోగ్రామ్‌లో చూడొచ్చు. లోటల్లా ఒక్కటే, మన వాడుకరి ముందు అది కూడా ఇంగ్లిష్‌లోనే ప్రత్యక్షమవుతుంది.

తెలుగులో ఆ ప్రయత్నాలు జరగకపోలేదు. 2005లో కేంద్ర ప్రభుత్వం తెలుగు సాఫ్ట్‌వేర్‌ను ఉచిత సీడీల్లో పంచింది. విండోస్‌కూ, లిబ్రే ఆఫీస్‌కూ తెలుగు రూపాలున్నాయి. అయితే మెనూలు తెలుగులోకి వచ్చినంత మాత్రాన హెచ్చరికలు అర్థమైపోవు. ఇంగ్లిష్ వాక్యాన్ని మాటకు మాట మారిస్తే తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంగ్లిషే మిగులుతుంది. ‘నిన్న కరెంటు పోయినప్పుడు ఈ ఫైలు తెరిచి ఉంది. మీ లెక్కలు భద్రంగానే ఉన్నాయి. ముందు కాపీ తీసుకుని తెరవండి’... ఇలా చెప్పే పెట్టె ఒకటి వస్తే పాడేరు అమ్మాయి ఎవరినీ అడగనక్కర్లేదు.

అది వచ్చేదాకా చేతిలో ఉన్న ఉపాయం ఒకటుంది. ఈ కొండల్లోనే 2000ల తొలి ఏళ్లలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా పిల్లలకు వాళ్ల భాషలోనే, తెలుగు లిపిలో వాచకాలు తయారుచేశారు. ఇంటి మాటలో చెబితే పిల్లలకు సులువుగా ఎక్కుతుందన్న నమ్మకంతో చేసిన పని అది. అదే పద్ధతిలో ఆఫీసు కంప్యూటర్ పక్కన గోడ మీద ఒక తెల్లకాగితం అంటించుకోవచ్చు. ఆ ఆఫీసులో తరచూ కనిపించే నాలుగైదు హెచ్చరికలు, వాటి పక్కన చేయాల్సిన పని, అక్కడివాళ్లు మాట్లాడుకునే మాటల్లోనే. కొత్తది కనిపించినప్పుడల్లా ఓకే నొక్కే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసి, అర్థం తెలిశాక కాగితం మీద మరో వరుస రాసుకోవచ్చు. ఉద్యోగులు మారినా కాగితం అక్కడే ఉంటుంది. దాని మీద మొదటి వరుసగా, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాయాల్సింది మాత్రం ఒకటే. ‘ముందు కాపీ తియ్యి... తర్వాతే ఏదైనా నొక్కు.’